కార్డు మీద అప్పు పెంచుకోవాలా? ముందు లెక్క చూసుకోవాలి

తొలకరి దగ్గరపడితే చాలు, బ్యాంకు మెట్ల మీద, ఎరువుల కొట్టు అరుగు మీద ఒకటే ముచ్చట. "నీ కార్డు మీద ఎంత ఇచ్చారు? లిమిట్ పెంచారా లేదా?" ఒకరికి పెంచారని తెలిస్తే పక్కవాడూ దరఖాస్తు పట్టుకు బయల్దేరతాడు. ఇస్తామంటున్నప్పుడు వద్దనడమెందుకు అనుకోవడం సహజమే. కానీ కాగితం మీద పెరిగే అంకె వేరు, రైతు చేతిలో పడే రొక్కం వేరు. ఈ తేడా తెలియకుండా వేలిముద్ర వేయకూడదు.

మన రైతాంగం అప్పుల భారం కొత్తగా చెప్పనక్కరలేదు. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93, తెలంగాణలో నూటికి 91కి పైగా వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబానికి సగటు అప్పు 2 లక్షల 45 వేలు. అప్పు లేకుండా సాగు లేదు. అందుచేత అసలు ప్రశ్న ఒక్కటే: పెంచే అప్పు పొలంలోకి పోతుందా, వడ్డీలోకి పోతుందా?

హక్కుగా రావలసిన పెంపు

కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో వచ్చింది. 2012లో నిబంధనలను సవరించారు. ఆ సవరణ ప్రకారం పరిమితి కట్టే పద్ధతి ఇది. ఏ పంటకు ఎకరానికి ఎంత అప్పు ఇవ్వాలో జిల్లా సాంకేతిక కమిటీ నిర్ణయిస్తుంది. దీన్నే స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ అంటారు. ఆ మొత్తాన్ని సాగు విస్తీర్ణంతో హెచ్చించాలి. కోత అనంతర ఖర్చులకు, ఇంటి అవసరాలకు మరో 10 శాతం, పనిముట్ల మరమ్మతులకు 20 శాతం కలపాలి. పంటల బీమా రుసుము అదనం. పెరిగే ఖర్చుల కింద ఆపైన ఏటా 10 శాతం పెంచాలి.

లెక్క కోసం ఎకరానికి 40 వేలు అనుకుందాం. మూడెకరాలకు 1,20,000. దానికి 12 వేలు, 24 వేలు కలిపితే 1,56,000. మీ కార్డు మీద ఇంతకంటే బాగా తక్కువ ఉంటే ఎక్కడో ఒక ఎకరం ఎక్కలేదు, లేదా పత్తి వేస్తుంటే మరో పంట రాసుకున్నారు. ఇలాంటి పెంపు అడగడానికి సంకోచించే పని లేదు. పాస్‌బుక్కు చేత పట్టుకుని, "నా లెక్క ఎలా కట్టారో చూపించండి" అని మేనేజరును నిలబడి అడగవచ్చు.

పుస్తకం మార్చే పెంపు

చిక్కంతా రెండో రకంతోనే. ఒక రైతుకు లక్షన్నర అప్పుంది అనుకోండి. పంట సరిగా రాలేదు. ఏడాది తిరిగేసరికి 7 శాతం వడ్డీ 10,500 అయింది. "కట్టలేకపోతే రెన్యువల్ చేసుకో, లిమిట్ 10 శాతం పెంచుతాం" అంటారు. కొత్త పరిమితి 1,65,000. పాత అసలు, వడ్డీ కలిపి 1,60,500 అందులోనే జమ. రైతు చేతికి వచ్చేది 4,500.

అదీ పూర్తిగా మిగలదు. ముందు పాత బాకీ కట్టి చూపించాలి కదా! అందుకోసం ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గర నాలుగు రోజులకు చేబదులు తెస్తాడు. నాలుగు రోజులు వాడినా నెల వడ్డీ ఇవ్వాలంటే, నూటికి రెండు రూపాయల చొప్పున 3,210 పోతుంది. మిగిలింది 1,290. గడువులోగా కట్టినట్టు లెక్కలోకి వస్తే 3 శాతం రాయితీ కింద 4,500 తర్వాత జమ కావచ్చు. ఎలా చూసినా కొత్తగా విత్తనం కొనేపాటి డబ్బు రాలేదు. అప్పు మాత్రం పెరిగింది. ఇలా నాలుగుసార్లు తిరగరాస్తే లక్షన్నర అప్పు 2,19,615 అవుతుంది. పొలం అంతే ఉంది, దిగుబడీ అంతే ఉంది!

రెండు లక్షల గీత

ఆ అంకె దగ్గర ఇంకో సంగతి ఉంది. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు వ్యవసాయ రుణానికి తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం. అంతకుముందు ఇది లక్షా 60 వేలు. ఆ గీత దాటితే బ్యాంకు భూమిని తనఖా అడగవచ్చు. తెలంగాణలో 2024 రుణమాఫీ అప్పుడు కూడా, 2 లక్షలకు పైన బాకీ ఉన్నవాళ్లు ముందు ఆ పైమొత్తం కట్టి రావాలన్నారు. వడ్డీని అసలులో కలుపుకుంటూ గీత దాటినవాడి సంగతేమిటి? తినని కూటికి కూడా లెక్క చెప్పుకోవలసి వచ్చింది.

వడ్డీ రాయితీకీ ఒక హద్దుంది. 2025-26కు కొనసాగించిన పథకంలో 3 లక్షల లోపు పంట రుణానికి 7 శాతం వడ్డీ, సకాలంలో కడితే 4 శాతం. హద్దును 5 లక్షలకు పెంచుతామని 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించారు. అదే ఏడాది మే నెలలో మంత్రివర్గం ఆమోదించిన పథకంలో 3 లక్షలనే చెప్పారు. కనుక అంతకు మించి తీసుకునే ముందు, పైమొత్తానికి ఎంత వడ్డీ పడుతుందో మేనేజరు చేత కాగితం మీద రాయించుకోవాలి.

ఎప్పుడు అడగాలి?

ప్రైవేటు అప్పు తీర్చడానికైతే అడగడం మేలే. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 50 వేలకు ఏడాదికి 12 వేలు కట్టాలి. అదే కార్డు మీదైతే 3,500, సకాలంలో కడితే 2 వేలే. అయితే ఆ నోటు చించిన తర్వాతే పని పూర్తయినట్టు. కార్డు డబ్బు వేరే ఖర్చుకు పోయి నోటు అలాగే ఉంటే రెండు అప్పులు మిగులుతాయి. నిజంగా సాగు పెరిగినా, పాడి గేదెల పోషణకైనా అడగవచ్చు. కార్డును పాడికీ వర్తింపజేశారు.

పరిమితి వేరు, వాడకం వేరు. తీసిన డబ్బుకే, తీసిన రోజులకే వడ్డీ. రెండో దఫా ఎరువు ఆగస్టులో వేసేదైతే ఆ డబ్బు జూన్‌లో తీయనక్కరలేదు. ఉంది కదా అని మొత్తం ఒక్కసారే తీస్తే అది పెళ్లికో, ఆస్పత్రికో కరిగిపోతుంది.

తీర్చే లెక్క మంచి కాలం దిగుబడితో వేయకూడదు. గడిచిన ఐదేళ్లలో బాగా దెబ్బతిన్న ఏడాది ఏది? ఆ ఏడాది గింజలు, ఆ ఏడాది ధర పెట్టి చూసుకోవాలి. అప్పుడు కూడా కట్టగలిగినంతే మన పరిమితి. గడువు దాటితే రాయితీ పోతుంది. స్వల్పకాలిక పంటలకు గడువు దాటి రెండు పంటకాలాలు గడిస్తే ఖాతా మొండి బాకీల పద్దులో చేరుతుంది, ఆపైన ఏ బ్యాంకూ దగ్గరికి రానివ్వదు. కరువో తుపానో పంటను ముంచితే పరిమితి పెంచమని అడగడం కాదు, పంట రుణాన్ని వాయిదాల రుణంగా మార్చమని అడగాలి. ప్రకృతి వైపరీత్యాల్లో అలా మార్చే నిబంధన ఉంది.

కౌలు రైతు మాట

ఇంత చెప్పినా కౌలు రైతు ఊసు లేకపోతే లెక్క సగమే. భూమి యజమాని పేర కార్డు, పరిమితి పెరిగేది ఆయనకు. చేలో చెమటోడ్చేవాడు మాత్రం షావుకారు గడప తొక్కాలి. కౌలుదార్లకు, నోటిమాట కౌలుకు కూడా కార్డు ఇవ్వాలని నిబంధనల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టం, 2019లో మరో చట్టం వచ్చాయి. అదే భూమి మీద యజమాని అప్పటికే అప్పు తీసుకుని ఉంటే చట్టం కాగితం బ్యాంకు బల్ల దగ్గర చెల్లదు.

కనుక రైతు సోదరులు దరఖాస్తు పెట్టే ముందు మూడు మాటలు అడిగి తెలుసుకోవాలి. పాత బాకీ, వడ్డీ పోగా చేతికి ఎంత వస్తుంది? ఏ తనఖా రాయాలి? ఏ తేదీకి కట్టాలి, దాటితే వడ్డీ ఎంత? ఒక్కడివే వెళితే "తర్వాత రా" అంటారు. ఊరి నుంచి పదిమంది కలిసి వెళ్లి లెక్క అడిగితే చెప్పక తప్పదు. ఇక పంటకు గిట్టుబాటు ధర రానంతకాలం ఎంత పెంచిన పరిమితి అయినా వచ్చే ఏడాదికి చాలదు. అప్పు అడిగే గొంతుతోనే ధర కూడా అడగాలి.