పువ్వు కప్పు మీద సరే... కడుపులోకి వద్దు!

ఆదివారం చేవెళ్ల, మొయినాబాద్ వైపు వెళ్లొచ్చారా? అయితే మీ ఇంట్లో ఈపాటికి గులాబీలో, చామంతులో ఉండే ఉంటాయి. ఆ దారిలో పూల తోటలకు, పాలీహౌస్‌లకు కొదవ లేదు. మీరు టీ తాగే మగ్గు మీద కూడా ఓ పువ్వు ఉండొచ్చు. పాత వృక్షశాస్త్ర పుస్తకాల్లోలా రేకులు, ఈనెలు విడివిడిగా కనిపించే బొమ్మ అది. ఇప్పుడు పుట్టినరోజుకైనా, గృహప్రవేశానికైనా అలాంటి మగ్గులే బహుమతి.

ఆ తరహా బొమ్మలు మనకు కొత్తేమీ కాదు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడి మొక్కల్ని భారతీయ చిత్రకారులతో గీయించారు. అవి ‘ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ పేరుతో 1795-1820 మధ్య మూడు సంపుటాలుగా వచ్చాయి. పుస్తకంలో పువ్వును చూసి పేజీ తిప్పేస్తాం. మగ్గు మీది పువ్వు మాత్రం రోజూ పెదవికి తగులుతుంది. అందుకే దాని గురించి నాలుగు మాటలు.

రంగులో ఏముంటుంది?

పింగాణీ మీది మెరుపు పూతలో సీసం కలిపితే అది తక్కువ వేడికే కరిగి నున్నగా పరుచుకుంటుంది. ఎరుపు, నారింజ, పసుపు రంగుల కోసం కొందరు కాడ్మియం వాడతారు. ప్రమాణాల ప్రకారం తయారైన మగ్గులతో భయం లేదు. నాసిరకం పూత అయినా, బట్టీలో సరిగా కాలకపోయినా ఈ లోహాలు కొద్దికొద్దిగా పానీయంలోకి దిగుతాయి. పులుపు, వేడి, ఎక్కువసేపు నిల్వ... ఈ మూడూ కలిస్తే మరింత దిగుతాయి. నిమ్మకాయ టీ, మందార టీ, చారు, మజ్జిగ ఈ కోవలోవే. బొమ్మల జాడీ బాగుంది కదా అని అందులో ఆవకాయ పెడితే పులుపు నెలల తరబడి పూతను అంటుకునే ఉంటుంది.

పిల్లలకే ఎక్కువ ముప్పు

సీసం ఇంతవరకు ఫర్వాలేదు అనదగ్గ మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మింగిన సీసాన్ని పెద్దల కంటే పిల్లల శరీరం 4-5 రెట్లు ఎక్కువగా పీల్చుకోగలదు. ఐరన్, కాల్షియం తక్కువగా ఉన్న పిల్లల్లో ఇది ఇంకా ఎక్కువ. మన పిల్లల్లో రక్తహీనత ఎంత మామూలో మీకు తెలిసిందే. తక్కువ మోతాదులో పైకి ఏ లక్షణమూ కనిపించదు. ఏకాగ్రత, చదువు మెల్లగా దెబ్బతింటాయి. మోతాదు పెరిగితే కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, చిరాకు వస్తాయి. గర్భిణి ఎముకల్లో దాగిన సీసం కడుపులోని బిడ్డకూ చేరుతుంది.

మగ్గును ఇలా చూడండి

- బొమ్మ మీద వేలితో రాయండి. అంచులు ఎత్తుగా, గరుకుగా తగిలితే బొమ్మ పూత పైన ఉన్నట్టు. అది త్వరగా అరుగుతుంది.
- మగ్గు లోపల గానీ, పెదవి తగిలే అంచు దగ్గర గానీ రంగులుంటే తాగడానికి వాడకండి. లోపలంతా తెల్లగా, సాదాగా ఉన్నదే మేలు.
- పూత పగిలినా, రంగు వెలిసినా, కడిగాక సున్నంలాంటి పొడి కనిపించినా పక్కన పెట్టేయండి.
- బంగారు, వెండి గీతలున్న మగ్గును మైక్రోవేవ్‌లో పెట్టకండి.
- ఇది అలంకరణకే అని అడుగున రాసి ఉంటే ఆ మాట పాటించండి.

నాకు బహుమతిగా వచ్చిన మగ్గు మీది గులాబీ ఏడాది తిరక్కుండానే వెలిసిపోయింది. ఇప్పుడు అందులో పెన్నులు పెట్టుకుంటున్నాను.

మరి కప్పులో పువ్వు?

ఈమధ్య గులాబీ టీ, చామంతి టీ అంటూ తోట నుంచి తెచ్చిన పూలనే వేడినీళ్లలో వేస్తున్నారు. రైతు వాటిని దండలకు, అలంకరణకు పెంచారు, తాగడానికి కాదు. తామర పురుగులు, ఎర్రనల్లి, బూడిద తెగులు రాకుండా మందులు కొడతారు. వాటిలో కొన్ని మొక్క లోపలికే చేరతాయి. ఎంత కడిగినా పోవు. పూల టీ కావాలంటే ఆహారంగా అమ్మే ఎండు పూలనే కొనండి. లేదా మందు కొట్టని మీ పెరటి పూలు వాడుకోండి.

పరీక్ష ఎప్పుడు?

ఒక్క మగ్గు వాడినంత మాత్రాన కంగారు అక్కర్లేదు. పాత పెయింటు, నాసిరకం కాటుక, కొన్ని నాటు మందుల నుంచి కూడా సీసం వస్తుంది. పిల్లల్లో ఎంతకీ తగ్గని రక్తహీనత, కారణం తెలియని కడుపునొప్పి ఉంటే ఇవన్నీ డాక్టరుకు చెప్పండి. రక్తంలో సీసం ఎంతుందో పరీక్షతో తెలుస్తుంది. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలి. అన్నిటికన్నా ముందు చేయాల్సిన చికిత్స అదే.

ఈ సాయంత్రం టీ పోసే ముందు మీ మగ్గును ఒకసారి వెలుతురులో తిప్పి చూడండి. ముఖ్యంగా పిల్లలు పాలు తాగే మగ్గును!

- జనరల్ ఫిజీషియన్, ప్రభుత్వ ఆసుపత్రి