వేడినీటి బుగ్గలోని బాక్టీరియా

ప్రయోగశాలలో బాక్టీరియాలను పెంచుట అంత కష్టము కాదు. కావలసిన సామగ్రి అంతయు చేతికందు దూరములోనే యుండును. మంచుకోనలలోనో, మరుగునీటి బుగ్గల వద్దనో వానిని సేకరించి, ప్రాణముతో ప్రయోగశాలకు చేర్చుట వేరు సంగతి. సీసాలోనికి వచ్చిన క్షణము నుండియే నమూనా మారుట మొదలిడును. త్వరగా పెరుగు జాతులు విజృంభించును. మెల్లగా పెరుగునవి అణగిపోవును. వారము దినములైన పిమ్మట సీసాలో నుండునది బుగ్గలోనున్న సముదాయము కాదు.

అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయోద్యానములో 1960వ దశకమున థామస్ బ్రాక్ అను శాస్త్రజ్ఞుడు ఈ చిక్కును తేలికగా దాటెను. సూక్ష్మదర్శినికి వాడు గాజుపలకలను దారముతో కట్టి బుగ్గలలో వ్రేలాడదీసి, కొన్ని దినముల తరువాత తీసి చూచెను. పలకలపై బాక్టీరియాలు అంటుకొని పెరిగియుండెను. అక్కడ బుగ్గయే పెంపకపు పాత్ర; విద్యుచ్ఛక్తితో పనిలేదు. ఊరి చెరువులో పలకను వ్రేలాడదీసినను ఇట్టి వింతయే కనబడును; పాఠశాలలలో చేయదగిన పని.

అయితే పలకపై కనబడినంత మాత్రమున జాతి చిక్కినట్లు కాదు. దానిని వేరుచేసి పెంచవలెను. అంతకుముందు పలువురు బుగ్గ నీటిని 55 డిగ్రీల వద్ద నుంచి, ఆ వేడికి అలవడిన సామాన్య జాతులనే పొందుచుండిరి. బ్రాక్, అతని విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్ 70 డిగ్రీలకు పైగా నుంచిరి. ఆహారమును గూడ పలుచన చేసిరి: లవణముల నీటిలో ట్రిప్టోను 0.1 శాతము, ఈస్టు సారము 0.1 శాతము మాత్రమే. పలుచని నీటిలో బ్రతుకు జీవికి పుష్టికరమైన భోజనము మేలుచేయదు. ఇట్లు మష్రూమ్ స్ప్రింగ్ అను బుగ్గ నుండి లభించిన జాతికి థెర్మస్ అక్వాటికస్ అని పేరిడి, 1969లో ప్రకటించిరి.

వేడిలో పెరుగు బాక్టీరియాను దారిపొడవున వేడిగనే ఉంచవలెనని తోచును. కాని సాధారణముగ అట్టివి చల్లారినప్పుడు పెరుగుట మానునే గాని వెంటనే చావవు. మంచులో పుట్టిన జాతులే సుకుమారమైనవి. వానిలో కొన్ని మన గది వేడికే నశించును. వానికి మంచుపెట్టె తప్పదు. యానకమును, గొట్టములను శుద్ధిచేయుటకు మాత్రము వంటింటి ప్రెషర్ కుక్కరు చాలును: 15 పౌనుల పీడనమున, 121 డిగ్రీల వద్ద, 15 నుండి 20 నిముషములు. సీసాలపై పేర్లు పెన్సిలుతో వ్రాయుట మేలు. సిరా తడికి చెదరును. బుగ్గ వేడి, ఆమ్లత, తేది వ్రాయని నమూనా సగము వ్యర్థమే.

తరువాతి పని నిలువచేయుట. ఒక అగారు గొట్టము నుండి మరియొకదానికి మార్చుచు పోయినచో, మార్చిన ప్రతిసారి కల్తీ భయము, ఉత్పరివర్తనముల భయము కలవు. కనుక జీవనవ్యాపారమునే ఆపివేయుదురు. 15, 20 శాతము గ్లిసరాలు కలిపి సున్నకు దిగువ 80 డిగ్రీల వద్ద ఘనీభవింపజేయుట ఒక పద్ధతి. గ్లిసరాలు లేనిచో మంచు స్ఫటికములు కణములను చీల్చును. గడ్డకట్టించి, శూన్యములో తేమను తొలగించి, గాజు గొట్టములో మూసివేయుట రెండవది. ఇట్లు ఎండిన బాక్టీరియాలు దశాబ్దములు నిలువగలవు.

బ్రాక్ తన వర్ధనమును అమెరికన్ టైప్ కల్చర్ కలెక్షన్ అను సంస్థలో దాచియుంచెను. 1976లో కొందరు శాస్త్రజ్ఞులు ఈ జాతి నుండి వేడికి చెడని ఎంజైమును తీసిరి. 1983లో కారీ మల్లిస్ ఊహించిన పి.సి.ఆర్. పద్ధతిలో డి.ఎన్.ఎ.ను పదేపదే సుమారు 95 డిగ్రీలకు వేడిచేయవలసియుండగా, మొదట వాడిన ఎంజైము ప్రతిసారి చెడిపోవుచుండెను. బుగ్గ నుండి వచ్చిన ఎంజైముతో ఆ బెడద తీరినదని 1988లో వెలువడిన పరిశోధన చూపెను. 2020లో కోవిడును గుర్తించుటకు ముక్కు నుండి తీసిన నమూనాలను పరీక్షించిన పద్ధతి యిదియే.