గ్యాస్ట్రిక్ కిట్‌లో రెండు గీతలు వస్తే మందులు మొదలుపెట్టొచ్చా?

కడుపులో మంట, ఉబ్బరం, పరగడుపున నొప్పి. శ్రీకాకుళం, విజయనగరంలో వీటన్నింటికీ 'గ్యాస్' అనే ఒకటే పేరు. మందుల షాపులో ఒక మాత్ర అడిగి వేసుకోవడం మామూలే. ఇప్పుడు ఇంట్లోనే చేసుకునే హెచ్.పైలోరి టెస్ట్ కిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. వాటి ఫలితాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

ఏమిటీ హెచ్.పైలోరి?

జీర్ణాశయం లోపలి పొరలో ఉండే బ్యాక్టీరియా ఇది. ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచి సోకుతుంది. అల్సర్‌కు కారణం కారం, టెన్షన్ మాత్రమే అనుకునే రోజుల్లో ఆస్ట్రేలియా వైద్యులు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ దీని పాత్రను బయటపెట్టారు. అందుకు 2005లో వారికి నోబెల్ వచ్చింది. ఏళ్ల తరబడి ఉంటే జీర్ణాశయ క్యాన్సర్ ముప్పును పెంచుతుంది. అయితే ఇది ఉన్న వారిలో ఎక్కువమందికి ఏ ఇబ్బందీ రాదు.

కిట్లన్నీ ఒకటేనా?

కాదు. కొనేముందు అది ఏ శాంపిల్ అడుగుతోందో చూడండి.

- రక్తపు చుక్క: ఇది యాంటీబాడీలను పట్టుకుంటుంది. బ్యాక్టీరియా పోయాక కూడా అవి నెలలు, ఏళ్ల తరబడి ఉండొచ్చు. కాబట్టి రెండు గీతలు వచ్చినా ఇన్ఫెక్షన్ ఇప్పుడు ఉందని చెప్పలేం.
- మలం (యాంటిజెన్ టెస్ట్): ఇప్పుడున్న ఇన్ఫెక్షన్‌ను చూపిస్తుంది. శాంపిల్ ఇంట్లో తీసి ల్యాబ్‌కు ఇవ్వొచ్చు. ఇంటి కిట్ల కన్నా ల్యాబ్‌లో చేసేదే నమ్మదగినది.
- శ్వాస పరీక్ష: యూరియా ఉన్న ద్రవం లేదా క్యాప్సూల్ మింగించి, ఊదిన గాలిని పరీక్షిస్తారు. ఇదీ ఇప్పుడున్న ఇన్ఫెక్షన్‌నే చూపిస్తుంది.

లేదని వస్తే నిశ్చింతేనా?

పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు వాడుతుంటే మలం, శ్వాస పరీక్షల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా లేదని రావొచ్చు. పరీక్షకు 2 వారాల ముందు వాటిని, 4 వారాల ముందు నుంచి యాంటీబయాటిక్స్‌ను ఆపాలి. డాక్టర్ రాసిన మందైతే వారిని అడిగాకే ఆపండి.

ఉద్దానం వాళ్లు ఎందుకు జాగ్రత్తపడాలి?

కిట్ చూసుకుని సొంతంగా యాంటీబయాటిక్స్ కొనడం ఎవరికీ మంచిది కాదు. రెండు మూడు రకాల మందులు సాధారణంగా 14 రోజులు వాడాలి. మధ్యలో ఆపేస్తే బ్యాక్టీరియా మొండికేస్తుంది. పలాస, కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. ఈ చికిత్సలో వాడే బిస్మత్, టెట్రాసైక్లిన్ లాంటివి వాళ్లకు సరిపడకపోవచ్చు. క్రియాటినిన్ రిపోర్టు డాక్టర్‌కు చూపించాకే మందులు రాయించుకోవాలి. ఒళ్లు నొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఇటు అల్సర్‌కూ, అటు కిడ్నీకీ చేటు. వాటిని వాడుతుంటే ఆ సంగతీ దాచకండి.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి. ఆపైన శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు ఉన్నాయి. జీర్ణకోశ నిపుణులు కావాలంటే విశాఖ కేజీహెచ్‌కు వెళ్లొచ్చు. ఏ పరీక్ష ఎక్కడ చేస్తున్నారో బయల్దేరే ముందే కనుక్కుంటే బస్సు ఖర్చు, ఒక రోజు కూలి మిగులుతాయి.

నల్లగా తారులాంటి విరేచనం, రక్తపు వాంతి అయితే కిట్ కోసం చూడకండి, 108కి ఫోన్ చేయండి. కారణం లేకుండా బరువు తగ్గినా, మింగడం కష్టమైనా డాక్టర్‌ను కలవండి. ఎండోస్కోపీ అవసరం కావొచ్చు.

మందులు అయిపోయాక?

మంట తగ్గినంత మాత్రాన బ్యాక్టీరియా పోయినట్టు కాదు. కోర్సు ముగిసిన 4 వారాల తర్వాత మళ్లీ మలం లేదా శ్వాస పరీక్ష చేయించుకోవాలి. అప్పుడు రక్తపు కిట్ పనికిరాదు.