కుళాయి వచ్చింది... మురుగుకు దారేది?

కుళాయి నీటికి పథకం ఉంది. ఆ నీరు వాడాక పోయే దారి చాలా పల్లెల్లో లేదు. వీధిలోనే మడుగు కడుతోంది.

2019లో మొదలైన జలజీవన్ మిషన్ లక్ష్యం తలకు రోజుకు 55 లీటర్లు. రెండు వేల జనాభా గల ఊరికి 1,10,000 లీటర్లన్నమాట. అందులో సుమారు మూడింట రెండు వంతులు మురుగుగా బయటికొస్తుంది.

దీనికి నిధులు లేవా అంటే, ఉన్నాయి. స్వచ్ఛభారత్ గ్రామీణ్ రెండో దశకు 2020లో ఏర్పరచిన నిబంధనల ప్రకారం, అయిదు వేల వరకు జనాభా గల ఊరికి మురుగు పనులకు తలకు 280 రూపాయలు, అంతకు మించితే 660 రూపాయలు గరిష్ఠ పరిమితి. అంటే సరిగ్గా అయిదు వేల మంది ఉన్న ఊరికి 14 లక్షలు. ఒక్కరు ఎక్కువైతే 33 లక్షలు! రెండు వేల జనాభా ఊరికి 5,60,000 రూపాయలే. అందులోనూ 30 శాతం పంచాయతీ తన ఆర్థిక సంఘం నిధుల నుంచి పెట్టుకోవాలి.

కాలువ కట్టడంతో పని తీరదు. పూడిక తీయించాలి, కూలి ఇవ్వాలి. ఇంటిపన్ను అంతంతమాత్రంగా వసూలయ్యే పంచాయతీకి ఇదే మోయలేని భారం. పూడిక తీయని కాలువ దోమల పుట్టిల్లవుతుంది.

పెరడున్న ఇంటికి ఇంకుడు గుంత చాలు. ఇరుకు వీధులకే కాలువ కావాలి. తలల లెక్కతోపాటు వీధుల తీరునూ, ఏటేటా అయ్యే నిర్వహణ ఖర్చునూ చూసి నిధులిస్తేనే కట్టిన కాలువ పదికాలాలు పారుతుంది.