గోడల మీది లెక్కలు చదివించే పంతులుకు ఏ బహుమతి?

తిరుమల గుడి గోడల శాసనాలను భక్తి కోసమే చదివితే సగం చదివినట్టే. క్రీ.శ. 966 నాటి పల్లవ రాణి సామవై శాసనంలో వెండి విగ్రహంతో పాటు భూదానమూ ఉంది. విజయనగర కాలానికి వ్యవహారం ఇంకా విస్తరించింది. దాతలిచ్చిన సొమ్ముతో దేవస్థానం తన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించేది. పెరిగిన పంటతో దాత పేరిట నైవేద్యం సాగేది. ప్రసాదంలో నాలుగో వంతు సాధారణంగా దాతకే దక్కేది. భక్తి, సేద్యం, పెట్టుబడి మూడూ ఒకే రాతిమీద!

సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి ఈ శాసనాలను 1930లలో వెలుగులోకి తెచ్చారు. వాటి ఆధారంగానే 1960లో అమెరికన్ చరిత్రకారుడు బర్టన్ స్టైన్ గుడి ఆర్థిక పాత్రను వివరించారు.

పరిశోధకులకు పేరొచ్చింది. మరి ఈ ఆర్థిక చరిత్రను పిల్లలకు చెప్పేవారికి?

ఉపాధ్యాయులకు జాతీయ పురస్కారాలు 1958 నుంచీ ఉన్నాయి. ఉపాధ్యాయ దినోత్సవమైన సెప్టెంబరు 5 ఎవరి పుట్టినరోజో ఆ సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుపతి మిషన్ బడిలో చదువుకున్నవారే. అయితే ఆ పురస్కారాలు ఏదో ఒక్క సబ్జెక్టు కోసం కావు. అమెరికాలో ఎకనమిక్ హిస్టరీ అసోసియేషన్ మాత్రం ఆర్థిక చరిత్ర బోధనకే జోనథన్ హ్యూస్ పేరిట ప్రత్యేక బహుమతి ఇస్తుంది.

అలాంటిది మనకూ కావాలి. 1954లో తిరుపతిలో పుట్టిన శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయమే దాన్ని మొదలుపెడితే మరీ బాగు. అప్పుడు మార్కుల శాతం ఒక్కటే చూడకూడదు. ఊరి చెరువు ఎవరు తవ్వించారో, దాని నీళ్లు ఎవరి పొలాలకు పారాయో, ఎవరి పొలాలకు పారలేదో పిల్లలచేత వెతికించిన పంతులునూ చూడాలి.