పొలం ట్రాన్స్‌ఫార్మర్: లెక్క ఎవరిది, తయారీ ఎవరిది

పొలాల్లో కనిపించే మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌లో కదిలే భాగం ఒక్కటీ ఉండదు. పలుచని ఉక్కు రేకులు పేర్చి కట్టిన ఒక దిమ్మె, దాని కాళ్లకు ఒకదానిపై ఒకటి చుట్టిన రెండేసి తీగచుట్టలు, వాటిని ముంచి ఉంచే ఖనిజ నూనె, ఆ నూనెను పట్టి ఉంచే ఇనుప తొట్టి, ఇంతే దాని శరీరం. నిర్మాణం ఇంత సాదాగా ఉండడంవల్లనే దీని విషయంలో రెండు నమ్మకాలు పుట్టాయి: కావలసిన కొలతలకు సొంతంగా లెక్కకట్టి చుట్టించుకోవచ్చుననేది ఒకటి, ఏ కంపెనీదైనా ఒకటే కనుక కొని తగిలిస్తే చాలుననేది మరొకటి. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా మాత్రమే వాన కురిసే అనంతపురం పీఠభూమిలో, సేద్యమంతా బోరుబావి మోటారు మీద నిలిచిన చోట, ఈ రెండు నమ్మకాల్లోనూ లోపం ఎక్కడుందో స్పష్టంగా కనిపిస్తుంది.

1831లో మైకేల్ ఫారడే ఒక ఇనుప వలయానికి రెండు వైపులా తీగలు చుట్టి, ఒకదానిలో విద్యుత్తు మారినప్పుడల్లా రెండోదానిలో విద్యుత్తు పుడుతుందని చూపాడు. ఆ ప్రయోగం నిత్యం పనికివచ్చే యంత్రంగా మారడానికి అర్ధశతాబ్దానికి పైగా పట్టింది; 1885లో బుడాపెస్ట్ నగరంలోని గాంజ్ కర్మాగారంలో జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ అనే ముగ్గురు ఇంజనీర్లు అయస్కాంత మార్గం ఎక్కడా తెగకుండా ఇనుముతో మూసిన రూపాన్ని తయారుచేసి, దానికి ట్రాన్స్‌ఫార్మర్ అనే పేరు పెట్టారు. మరుసటి ఏడాది అమెరికాలో విలియం స్టాన్లీ ఒక చిన్న ఊరి దుకాణాలకు ఈ పద్ధతిలో దీపాలు వెలిగించాడు. దక్షిణ భారతంలో దీని తొలి ఘనకార్యాల్లో ఒకటి ఇది: 1902లో శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టిన విద్యుత్తును ట్రాన్స్‌ఫార్మర్లతో హెచ్చించి, నూట యాభై కిలోమీటర్లకు కొంచెం తక్కువ దూరంలో ఉన్న కోలారు బంగారు గనులకు చేర్చారు. తర్వాతి మెరుగుదలంతా ప్రధానంగా ఉక్కులోనే జరిగింది. సిలికాన్ కలిపిన ఉక్కు, ఆపైన 1930లలో నార్మన్ గాస్ కనిపెట్టిన, స్ఫటికాలన్నీ ఒకే దిశకు తిరిగి ఉండే ఉక్కు రేకు వచ్చాయి. ఈ రేకునే నేటి కర్మాగారాల్లో సీఆర్‌జీఓ అంటారు.

డిజైన్ అంటే ఏమిటో చూడడానికి పొలాల్లో సర్వసాధారణమైన 25 కె.వి.ఏ. త్రీఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసుకోవచ్చు. కె.వి.ఏ. అంటే వోల్టేజినీ కరెంటునూ కలిపి చెప్పే సామర్థ్యపు కొలత. 11,000 వోల్టుల లైను నుంచి తీసుకుని, ఫేజుకు ఫేజుకు మధ్య 433 వోల్టులు ఇవ్వడం దీని పని. మోటారు వైపు ఒక్కో ఫేజు చుట్టకు 250 వోల్టులు రావాలి కనుక, అక్కడ 120 చుట్లు వేయాలనుకుంటే 11,000 వోల్టుల వైపు అందుకు 44 రెట్లు, అంటే 5,280 చుట్లు వేయాలి. ఒక్కో చుట్టుకు రెండు వోల్టుల పైచిలుకు పడుతుంది. ఉక్కులో అయస్కాంత సాంద్రతను 1.6 టెస్లాల దగ్గర నిలిపితే దిమ్మె కాలి అడ్డుకోత సుమారు 59 చదరపు సెంటీమీటర్లు ఉండాలని లెక్క చెబుతుంది. చుట్లు తగ్గిస్తే తీగ ఆదా అవుతుంది కానీ దిమ్మె లావెక్కుతుంది. చుట్లు తగ్గించి దిమ్మెను కూడా సన్నంగానే ఉంచితే, రెండు టెస్లాల దగ్గర ఉక్కు ఇక అయస్కాంతాన్ని మోయలేని సంతృప్త స్థితికి చేరి, ఖాళీగా ఉన్నప్పుడే కరెంటును విపరీతంగా లాగుతుంది. మోటారు వైపు చుట్టలో పూర్తి భారం మీద 33 ఆంపియర్లు పారితే, పై వైపు చుట్టలో పారేది ముప్పావు ఆంపియరే. అందువల్ల ఆ తీగ ఒక మిల్లీమీటరుకన్నా సన్నగా ఉంటుంది. ఈ లెక్కను పాలిటెక్నిక్ విద్యార్థి ఒక సాయంత్రంలో వేయగలడు. కష్టమంతా ఈ లెక్కకు ముందు వచ్చే ప్రశ్నలోనే ఉంది: ఆ పాతిక కె.వి.ఏ. అనే అంకెను ఎవరు, దేని ఆధారంగా నిర్ణయించారు?

అయిదు హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్ మోటారు సుమారు 6 కె.వి.ఏ. లాగుతుంది, కాబట్టి నాలుగు మోటార్లకు 25 కె.వి.ఏ. సరిపోతుందని కాగితం చెబుతుంది. నీటిమట్టం దిగిపోయేకొద్దీ రైతు బోరును మరింత లోతుకు దించి, అయిదు తీసి ఏడున్నర హార్స్‌పవర్ మోటారు వేస్తాడు. నలుగురిలో ఇద్దరు అలా మార్చినా భారం 30 కె.వి.ఏ. అవుతుంది, కార్యాలయపు రికార్డులో మాత్రం అది ఇరవై నాలుగుగానే నిలిచి ఉంటుంది. దీనికితోడు ఆటో స్టార్టర్ ఉంది. త్రీఫేజ్ కరెంటు వచ్చే వేళకు పొలానికి వెళ్లి మీట వేసే శ్రమ తప్పించడానికి బిగించే ఈ పరికరంవల్ల, కరెంటు వచ్చిన క్షణాన నాలుగు మోటార్లూ ఒక్కసారిగా తిరగడం మొదలుపెడతాయి. కదలిక అందుకునే కొద్ది క్షణాలు మోటారు మామూలుకంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. చుట్టల మధ్య పుట్టే తోపుడు బలం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, ప్రతి ఉదయం ఆ చుట్టలకు ఒక పెద్ద కుదుపు తగులుతుంది. పూర్తి భారంతో ఏడు నుంచి తొమ్మిది గంటలు కాగి, సరఫరా ఆగాక చల్లారేటప్పుడు నూనె కుంచించుకుని బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ గాలిలోని తేమను పట్టవలసిన సిలికా జెల్ రంగు మారిపోయినా ఎవరూ మార్చకపోతే, తేమ నేరుగా నూనెలోకి, చుట్టలపైని కాగితంలోకి చేరుతుంది. వేడి ఆరేడు డిగ్రీలు పెరిగితేనే ఆ కాగితపు ఆయుష్షు సగానికి పడిపోతుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఈ నేలమీద ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందన్న మాట వెనుక నడిచే కథ చాలావరకు ఇదే.

దీనికి ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన జవాబు హెచ్.వి.డి.ఎస్., అంటే 11,000 వోల్టుల లైనునే పొలం దాకా తెచ్చి, ఊరికొక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కు బదులు నాలుగైదు మోటార్లకొకటి చొప్పున చిన్నవి పెట్టడం. అంతే శక్తిని 433 వోల్టులకు బదులు 11,000 వోల్టుల దగ్గర పంపితే కరెంటు పాతిక రెట్లు తగ్గుతుంది, అదే తీగలో నష్టం ఆరువందల రెట్లకు పైగా తగ్గుతుంది. చివరి మోటారుకు కూడా వోల్టేజి నిలబడుతుంది. అంతకంటే విలువైన ఫలితం మనుషుల్లో కనిపించింది: నలుగురికి ఒకటైనప్పుడు దానిపై అయిదో మోటారు తగిలిస్తే ఎవరు తగిలించారో అందరికీ తెలుస్తుంది.

ఈ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల కోసం కర్మాగారానికి ఆర్డరు ఇచ్చేటప్పుడే, వాటిలో జరిగే నష్టాలకు ఎంత ధర కట్టాలో విద్యుత్ సంస్థ తేల్చుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్‌లో నష్టాలు రెండు రకాలు: కరెంటు ఉన్నంతసేపూ ఉక్కులో జరిగేది ఒకటి, భారం పడినప్పుడు తీగలో జరిగేది మరొకటి. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1180 సగం భారం దగ్గరా, పూర్తి భారం దగ్గరా మొత్తం నష్టానికి హద్దు పెడుతుంది. పట్టణంలో రాత్రింబవళ్లు బతికి ఉండే ట్రాన్స్‌ఫార్మర్‌కు ఉక్కు నష్టం ముఖ్యం. రోజులో ఎక్కువ భాగం సరఫరా ఆగిపోయే వ్యవసాయ ఫీడరు మీది దానికి తీగ నష్టమే ముఖ్యం. ఉక్కు నష్టాన్ని సుమారు డెబ్బై శాతం తగ్గించే అమార్ఫస్ లోహపు దిమ్మె మొదటిచోట ఖరీదుకు తగిన లాభం తెస్తుంది, రెండోచోట అంతగా తేదు. అనంతపురానికి తగిన ట్రాన్స్‌ఫార్మర్‌లో తీగ లావుగా, చుట్టల బిగింపు గట్టిగా ఉండాలి. ఈ మాట డిజైనరు తనంతట తాను చెప్పడు. అడిగినదానికే లెక్క వేస్తాడు.

తయారీ మాత్రం కర్మాగారం పనే. 1973లో హైదరాబాదులో మొదలై దేశంలోని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ తయారీదారుల్లో ఒకటిగా ఎదిగి, 2013 ఒప్పందంతో ఆ వ్యాపారాన్ని తోషిబాకు అప్పగించిన విజయ్ ఎలక్ట్రికల్స్ వంటి సంస్థలకైనా, బెంగళూరులోని ప్రభుత్వ కర్మాగారం కవికాకైనా అసలు బలం వరుసగా ఒకే నమూనాను చేయడంలో, పరీక్షించడంలో ఉంది. 11,000 వోల్టుల యంత్రపు నమూనా ఒకటి పిడుగును పోలిన 95,000 వోల్టుల తాకిడికి నిలబడాలి. బెంగళూరులోని కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ వంటి చోట షార్ట్‌సర్క్యూట్ పరీక్షకూ తట్టుకోవాలి. ఒక్కటంటే ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కోసం కొత్త డిజైన్ గీయిస్తే ఈ పరీక్షల ఖర్చు యంత్రం ఖరీదునే మించిపోవచ్చు. కాలిన చుట్టను విప్పి, చుట్లు లెక్కపెట్టి, బజారులో దొరికిన తీగతో మళ్లీ చుట్టే రివైండింగ్‌లో సంఖ్య సరిపోవచ్చు గానీ బిగింపు, కాగితం మందం, ఆరబెట్టడం సరిపోవు. పాత దిమ్మెల నుంచి ఊడదీసిన రేకులు కలిసిన చోట నష్టాలు ఇంకా పెరుగుతాయి.

నిజంగా ప్రత్యేక డిజైన్ అవసరమైన చోటు కూడా ఇదే పీఠభూమిలో ఉంది. ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న నంబులపూలకుంట సౌరవిద్యుత్ పార్కులో ఎన్టీపీసీ 250 మెగావాట్ల కేంద్రం 2016లో పూర్తయింది. ఇటువంటి సౌరకేంద్రాల్లో ఇన్వర్టర్లు ఇచ్చే కరెంటు మామూలు లైను కరెంటంత నున్నగా ఉండదు. హార్మోనిక్స్ అనే అదనపు కంపనాలు చుట్టలను వేడెక్కిస్తాయి. అందుకే ఒకే దిమ్మెపై అనేక ఇన్వర్టర్లకు వేర్వేరు చుట్టలు వేసి, వాటికీ హెచ్చు వోల్టేజి చుట్టకూ మధ్య భూమికి కలిపిన లోహపు తెరను పెడతారు. అక్కడ కొనుగోలుదారు ఇన్వర్టరు వివరాలన్నీ ముందే అందిస్తాడు, ఒకే రకానివి పదుల సంఖ్యలో కొంటాడు, అందుచేత పరీక్షల ఖర్చు అన్నిటిమీదా పంచుకుపోతుంది.

పొలం ట్రాన్స్‌ఫార్మర్‌కు అలాంటి వివరాలు ముందే ఇవ్వగలిగినవాడు రైతు ఒక్కడే. మోటారు మార్చిన రైతు కొత్త హార్స్‌పవర్‌ను విద్యుత్ కార్యాలయంలో రాయించాలి, ఆటో స్టార్టర్ తీసివేయాలి. ఆ అంకెలు చేతికందిన సంస్థ 25 తీసి 40 పెట్టాలా, ఇంకొక చిన్నది పక్కన నిలపాలా అన్నది ట్రాన్స్‌ఫార్మర్ కాలకముందే తేల్చాలి.