‘అర్జెంట్‌గా బ్లడ్ కావాలి’ అంటూ ఫార్వర్డ్ చేస్తున్నారా..? ముందు తేదీ చూడండి!

తెల్లారితే చాలు.. ఫ్యామిలీ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు.. వాట్సాప్ నిండా గుడ్ మార్నింగ్ పువ్వులే. వాటి మధ్య ‘ఈరోజు నీళ్లు రావు’ అనే మెసేజ్ ఎవరికీ కనిపించదు. సరే, అదైనా సర్దుకోవచ్చు.

అసలు చిక్కు ‘అర్జెంట్‌గా ఓ నెగెటివ్ బ్లడ్ కావాలి’ అనే ఫార్వర్డ్‌లతోనే. చాలావాటిలో తేదీ ఉండదు. పేషెంట్ ఇంటికెళ్లి నెలలు గడిచినా ఆ నంబర్‌కు ఫోన్లు ఆగవు. ఇలా రెండుమూడు సార్లు ఫోన్ చేసి ‘అది పాతదండీ’ అనిపించుకున్న దాత, నిజంగా అవసరమైన రోజున పట్టించుకోకపోవచ్చు.

చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌పై వాట్సాప్ రెండు బాణాల గుర్తు చూపిస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అలాంటివి ఒకసారికి ఒక్క చాట్‌కే వెళ్తాయి. ఆ గుర్తు కనిపిస్తే, పంపింది పెద్ద బాబాయే అయినా సరే, ‘ఇది ఎప్పటిది?’ అని అడగండి.

మీరే రాస్తుంటే తేదీ, ఆస్పత్రి, ఊరు తప్పక పెట్టండి. రక్తం దొరికాక ‘దొరికింది’ అని అదే మెసేజ్‌కు రిప్లై ఇవ్వండి. గ్రూపులో ఎవరి మెసేజ్‌నైనా అడ్మిన్ డిలీట్ చేయొచ్చు. కానీ అప్పటికే వేరే గ్రూపులకు వెళ్లిన కాపీలు మాత్రం పోవు.